నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు
(ఎంట్రన్సు ఫలితాల తేదీ పెట్టే అధికారి గారికి బహిరంగ లేఖ)

అయ్యా,

మీ పేరు తెలియదు, మీ కుర్చీ ఏ మేడ మీదుందో తెలియదు. మా పిల్లల ర్యాంకులు ఇవాళ వదలాలా, వచ్చే వారం వదలాలా అని ఏటా ఎవరో ఒకరు నిర్ణయిస్తున్నారు కదా, ఆ ఒకరు మీరే అనుకుని రాస్తున్నాను.

ఆలస్యం చేశారని తిట్టడానికి కాదు. ఎదురుచూపుల్లో పరీక్ష పెడితే మొదటి ర్యాంకులన్నీ అనంతపురానివే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం చూస్తాం. అది కూడా శెనక్కాయకు ఊడలు దిగే వేళకు ముఖం చాటేస్తుంది. విత్తన కాయల కోసం చూస్తాం, పంట బీమా కోసం చూస్తాం. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు 2012లో మా జిల్లా జీడిపల్లికి చేరేదాకా ఒక తరం చూసింది, పిల్లకాలువల కోసం ఇంకో తరం చూస్తోంది. పరీక్షకూ ఫలితానికీ నడుమ మూడు వారాలు మాకొక లెక్కా?

మాకు కష్టమల్లా ఆ మూడు వారాలు ఎప్పటికి ముగుస్తాయో తెలియకపోవడమే.

2024 సంగతే చూడండి. మన రాష్ట్రపు ఎంట్రన్సు ఈఏపీసెట్ మే 16న మొదలై 23న ముగిసింది. 'కీ' వచ్చింది, అభ్యంతరాలు తీసుకున్నారు, తర్వాత రేపంట, ఎల్లుండంట అన్న పుకార్లే. జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు, ప్రభుత్వం మారింది. జూన్ 14న రావాల్సిన నీట్ ఫలితం ఆ ఓట్ల లెక్క రోజునే, పది రోజుల ముందే ఊడిపడి, 67 మందికి 720కి 720 ఇచ్చి దేశాన్ని కోర్టుకెక్కించింది. మా ఫలితం జూన్ 11న వచ్చింది, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారానికి ముందురోజు. న్యాయంగా మాట్లాడితే అది పెద్ద ఆలస్యమేమీ కాదు. మూడు లక్షల పైచిలుకు పిల్లలు, పూటకో పేపరు. ఒక పూట కఠినం, ఒక పూట సులువు గనక నార్మలైజేషన్ చేయాలి, ఆపైన ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కలపాలి. పని ఉంది, ఒప్పుకుంటాం.

అదే ఏడు వాతావరణ శాఖ వాళ్ళు రుతుపవనాలు మే 31న కేరళను తాకుతాయన్నారు, నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చన్నారు. 30నే తాకాయి. సముద్రం మీది గాలికి తేదీ చెప్పగలిగినవాళ్ళున్న దేశంలో, మీ కంప్యూటర్లో ఉన్న మార్కులకు చెప్పలేరా?

(2022, 2023లో ఈ పరీక్ష నడిపింది మా అనంతపురం జేఎన్‌టీయూనే. పక్కింట్లోనే వండుతున్నారు, వాసనైనా ముందు తగలదా అని ఆశపడ్డాం. తగల్లేదు. ఆ విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాల్సిందే.)

తేదీ లేని ఆ రోజుల్లోనే ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి, ఒక్కోసారి మా బస్టాండు వెనక సందులోంచే. "సార్, పాపకు కంప్యూటర్ సైన్సులో ఇంక మూడే సీట్లున్నాయి. అడ్వాన్సు కట్టి బ్లాక్ చేసుకోండి, ర్యాంకు సంగతి తర్వాత చూద్దాం." బెంగళూరు మాకు విజయవాడ కంటే దగ్గర. ర్యాంకు చేతిలో ఉంటే వద్దని ఫోన్ పెట్టేస్తాం. అది లేకనే నసుగుతాం. అప్పటికి రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చి ఉంటుంది. విత్తన కాయలకూ, దున్నకానికీ, కాలేజీకీ ఇంట్లో ఉన్నవి అవే రూకలు. ఒకసారి అడ్వాన్సు కింద పోతే ఆ ఏటి చేను అప్పు మీదే లేవాలి. తీరా పాపకు మంచి ర్యాంకే వస్తుంది. మన ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావే, ఫీజు రీయింబర్స్‌మెంట్ దక్కేదీ వాటికే. అందులో సీటు దొరికాక, ముందు కట్టిన అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడం ఎంత సుఖమో కట్టినవాళ్ళనే అడగండి.

2014లోనూ ఇంతే. ఫలితం జూన్‌లోనే వచ్చింది గానీ, విడిపోయిన రెండు రాష్ట్రాల తగవులో కౌన్సెలింగ్ చిక్కుకుంది. ఆగస్టు 31లోపు ముగించమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆలోగా ఓపిక చాలని వాళ్ళు కర్ణాటక, తమిళనాడు బస్సులెక్కేశారు.

రచ్చబండ దగ్గర "ఏమప్పా, పాపకు ర్యాంకొచ్చిందా?" అని అడిగేవాళ్ళ గురించి మీకు రాయను. వాళ్ళకు జవాబు చెప్పుకోవడం మా తంటా.

కోరేది ఒక్కటే. హాల్‌టికెట్ మీద పరీక్ష గంట, సెంటరు, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వం అన్న హెచ్చరిక అచ్చేస్తారే, దాని కిందే ఫలితం ఫలానా వారంలో అని ఒక వరుస వేయించండి. తప్పితే, మళ్ళీ ఏ రోజో కబురు పెట్టండి. 2025 నుంచి ఫలితాలే ప్రభుత్వం వారి 'మన మిత్ర' వాట్సాప్‌లో వస్తున్నాయి, వాయిదా కబురుకు అదే దారి చాలదా? ఆ వరుస మీరు వేయిస్తే, అడ్వాన్సు ఫోన్లు ఎత్తకుండా ఉండే పూచీ మాది.

ఇట్లు,
కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తండ్రి