మన చాప్టర్ మళ్లీ పుంజుకుంది

అమెరికాలో కాలేజీ ఫ్రాటర్నిటీల చాప్టర్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు పాత సభ్యులకు ఓ వార్తాపత్రం పంపుతుంటాయి. నాలుగు సంచికలు వరసగా చదివితే ఒక్క సంగతి రూఢి అవుతుంది: చాప్టర్ పుంజుకుంటోంది. గతేడాదీ పుంజుకుంది, అంతకు ముందేడూ పుంజుకుంది. అసలు ఎందుకు పడిందో మాత్రం ఏ సంచికలోనూ ఉండదు. ఇన్నేళ్లుగా ఆగకుండా పైకే పోతున్న చాప్టర్ ఈపాటికి చంద్రమండలం దాటి ఉండాలి. చూడబోతే అదే వీధిలో, అదే తెల్ల స్తంభాల ఇంట్లో, ఇంటి కప్పు మరమ్మతుకు చందాలు అడుగుతూ కూర్చుని ఉంటుంది.

ఈ లోకం కొత్తవాళ్లకు నాలుగు ముక్కలు. ఫ్రాటర్నిటీ అంటే గ్రీకు అక్షరాల్ని పేరుగా తగిలించుకున్న మగపిల్లల సంఘం. ఒక్కో కాలేజీలో దాని శాఖ చాప్టర్. చేరదలచిన కుర్రాడు ‘రష్’ రోజుల్లో ఇల్లిల్లూ తిరుగుతాడు. వాళ్లకు నచ్చితే ‘బిడ్’ చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాడు కొన్ని వారాలు ‘ప్లెడ్జ్’ అన్న పేరుతో ఊడిగం చేసి, ఆనక ‘బ్రదర్’ అవుతాడు. 1776 డిసెంబరులో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పా వీటన్నిటికీ పెద్దన్న. తర్వాత 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ. ఆపైన ఒహాయోలోని మియామీ యూనివర్సిటీలో బీటా థీటా పై (1839), ఫై డెల్టా థీటా (1848), సిగ్మా కై (1855). పెద్దన్న కొన్నాళ్లకు రహస్యాలు వదిలేసి, బాగా చదివేవాళ్ల గౌరవ సంఘంగా స్థిరపడ్డాడు. తమ్ముళ్లు రహస్యాలు ఉంచుకుని చదువు వదిలేశారు.

వార్తాపత్రంలో మొదటి పేజీ చాప్టర్ అధ్యక్షుడి లేఖ. రాసేవాడికి ఇరవై, ఇరవై ఒకటి. గద్యం మాత్రం రిటైరైన కలెక్టరుగారిది. నాయకత్వం, వారసత్వం, విలువలు, మన ముందున్న సవాళ్లు. ఆ సవాళ్లేమిటో చెప్పడు. వెంటనే మార్కుల్లో పడతాడు: చాప్టర్ సగటు జీపీఏ క్యాంపస్‌లోని మొత్తం మగపిల్లల సగటును దాటింది! ఆడపిల్లల సగటుతో పోల్చిన సంచిక ఎవరికైనా దొరికితే దాచుకోండి, మ్యూజియం వాళ్లు కొంటారు.

ఈ మార్కుల విషయంలో 2018లో యూనియన్ కాలేజీ పరిశోధకుల అధ్యయనం ఒకటి అచ్చయింది. ఫ్రాటర్నిటీలో చేరితే నాలుగు పాయింట్ల జీపీఏలో సుమారు 0.25 తగ్గుతుందట. తర్వాతి జీవితంలో ఆదాయం మాత్రం సుమారు 36 శాతం పెరుగుతుందట. నిజం చెప్పాలంటే ఆ సంఘాల మొత్తం చరిత్రలో ఇంతకన్నా బలమైన ప్రకటన లేదు. చదువు తగ్గిస్తాం, సంపాదన పెంచుతాం అని బోర్డు పెడితే మన అమీర్‌పేటలో క్యూ మెట్రో స్టేషన్ దాటుతుంది. కానీ పాపం, వాళ్లు మొహమాటస్తులు. మొదటి సగం దాచేసి, రెండో సగాన్ని పూర్వ సభ్యుల వార్తల్లో పేరుపేరునా రుజువు చేస్తారు.

రెండో పేజీ సేవ. ప్యాన్‌కేకులు వేసి అమ్మారు, నీళ్ల తొట్టిలో అధ్యక్షుణ్ణి ముంచే ఆట పెట్టారు, వచ్చిన డబ్బు పిల్లల ఆసుపత్రికి ఇచ్చారు. మంచిదే. ఆ మొత్తాన్ని చిల్లరతో సహా అచ్చేస్తారు. అదే సెమిస్టరులో సభ్యుల దగ్గర వసూలైన ‘డ్యూస్’ ఎంతో, అందులో బీమాకు ఎంత పోయిందో అచ్చెయ్యరు. బీమా అనగానే గుర్తొచ్చింది. అమెరికాలో రాష్ట్రాల బీమా కమిషనర్ల జాతీయ సంఘం 1986లో ఫ్రాటర్నిటీలను బీమాకు అతి ప్రమాదకరమైనవాటిలో ఆరో స్థానంలో పెట్టింది. వాళ్లకు కాస్త పైన ప్రమాదకర వ్యర్థాల్ని పారబోసే కంపెనీలు, ఆస్‌బెస్టాస్ కాంట్రాక్టర్లు. దేశవ్యాప్తంగా వచ్చిన ఇంత పెద్ద ర్యాంకును ఏ చాప్టరూ విజయాల పెట్టెలో వేసుకోకపోవడం వాళ్ల వినయం.

మూడో పేజీ ఇల్లు. దీని వెనక చిన్న లెక్క ఉంది. ఫ్రాటర్నిటీ అమెరికా పన్ను చట్టం కంట్లో ఒక క్లబ్బు. క్లబ్బుకిచ్చిన చందాకు పన్ను మినహాయింపు ఉండదు. విద్యా ప్రయోజనం కోసం పెట్టిన ఫౌండేషనుకిస్తే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ‘విద్యా ప్రాంతం’ అని కొంత జాగా తేల్చాలి. చదువుకునే గది, దాని బల్లలు, కుర్చీలు, ఇంటర్‌నెట్ వైర్లు ఆ ఖాతాలోకి వస్తాయి. అందుకే వార్తాపత్రంలో స్టడీరూమ్ ఫోటో తప్పనిసరి. కొత్త బల్ల నిగనిగలాడుతుంటుంది. ఎదురుగా నలుగురు కుర్రాళ్లు బ్లేజర్లు వేసుకుని ఒకే లాప్‌టాప్‌లోకి తొంగి చూస్తుంటారు. బేస్‌మెంట్ ఫోటో ఉండదు. మినహాయింపు రాదుగా.

ఇక కొత్త సభ్యుల పేజీ. ఇక్కడ వ్యంగ్యం కాస్త పక్కకు జరగాలి.

‘చాప్టర్ చరిత్రలోనే అత్యుత్తమ ప్లెడ్జ్ క్లాస్’ అని మొహాలు వరసగా వేస్తారు. ఆ మొహాలు అక్కడికి ఎలా చేరాయన్నది రాయరు. కొత్తవాళ్లను ఏడిపించి, హింసించి చేర్చుకునే ఆ తంతును ‘హేజింగ్’ అంటారు. 1873లోనే కార్నెల్‌లో కళ్లకు గంతలు కట్టి తిప్పుతుంటే ఒక కుర్రాడు లోయలో పడి చనిపోయాడు. 1959 నుంచి 2021 దాకా కనీసం ఒక్క హేజింగ్ చావైనా లేని సంవత్సరం లేదని హ్యాంక్ న్యూవర్ అనే పాత్రికేయుడు జాబితా కట్టి చూపించాడు. 2017 సెప్టెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఫై డెల్టా థీటా వాళ్లు కొత్త కుర్రాళ్లకు ఒక రాత్రి పరీక్ష పెట్టారు. దానికి ‘బైబిల్ స్టడీ’ అని ముద్దుపేరు. ప్రశ్నలు సంఘం చరిత్ర మీద, గ్రీకు అక్షరమాల మీద. జవాబు తప్పితే ఘాటు మద్యం తాగాలి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తెల్లారాక చనిపోయాడు. వార్తాపత్రంలో మనం ముచ్చటగా చదువుకునే ఆ స్థాపకుల చరిత్రే అక్కడి సిలబస్.

అదే ఏడాది ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో జరిగింది ఇంకా దగ్గరగా చూడాల్సినది. బీటా థీటా పై ఇల్లు. కాగితం మీద అక్కడ మద్యం నిషేధం. పూర్వ సభ్యుడొకరు లక్షల డాలర్లు పోసి ఇంటిని బాగు చేయించారు, నిఘాకు కెమెరాలు కూడా పెట్టారు. బిడ్ తీసుకున్న పందొమ్మిదేళ్ల కుర్రాడి చేత 82 నిమిషాల్లో 18 సార్లు తాగించారు. వాడు బేస్‌మెంట్ మెట్ల మీంచి పడ్డాడు. వాంతితో ఊపిరాడక చస్తాడేమోనని, వెల్లకిలా తిరక్కుండా వీపుకు పుస్తకాల సంచీ కట్టారు. దాదాపు పన్నెండు గంటలు గడిచాక గానీ ఎవరూ అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యలేదు. కెమెరాలు తమ పని తాము చేశాయి, అంతా రికార్డు చేశాయి. చందాలిచ్చిన పాతవాళ్లు ఆ ఇంటి కొత్త హాలును వార్తాపత్రంలో ఎన్నోసార్లు చూసే ఉంటారు.

ఇలా జరిగాక పద్ధతి ఒకటుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు జాతీయ కార్యాలయం మొరుగుతుంది: ఇది మా విలువలకు విరుద్ధం. చాప్టర్‌ను సస్పెండ్ చేస్తారు. ఎన్నేళ్లు? చాలాచోట్ల నాలుగో, అయిదో. ఆ అంకె పంచాంగం చూసి పెట్టింది కాదు. అప్పుడున్న కుర్రాళ్లందరూ డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోవడానికి పట్టే కాలం అది. క్యాంపస్‌లో జరిగిందేమిటో తెలిసిన సోఫా కూడా మిగలదు. అప్పుడు అదే అక్షరాలతో, అదే ఇంట్లో కొత్త చాప్టర్ మొదలవుతుంది. ‘జీవితాంతం సోదరులం’ అని ప్రమాణం చేయించే సంఘానికి జ్ఞాపకశక్తి నాలుగేళ్లు. పుంజుకోవడం లెక్క ఇక్కడ తేలుతుంది: నిరుడు సున్నా సభ్యులు, ఈ ఏడు నలభై. ఇంత ప్రగతి ఒక్కసారీ మూతపడని చాప్టర్‌కు ఎలా వస్తుంది, చెప్పండి?

సంస్కరించలేదని అనకూడదు. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014 మార్చిలో ప్లెడ్జ్ పద్ధతినే ఎత్తేసింది. బిడ్ తీసుకున్న 96 గంటల్లో పూర్తి సభ్యత్వం. సరిగ్గా ఏడాదికి, 2015 మార్చిలో, ఓక్లహోమా చాప్టర్ వాళ్లు బస్సులో నల్లవాళ్లను మా సంఘంలోకి రానివ్వం అంటూ పాడిన పాట వీడియో బయటికొచ్చింది. ఊడిగం చేయించకుండా నేరుగా బస్సెక్కించారన్నమాట.

మనవాళ్లకు దీంతో పనేముంది అనుకుంటున్నారా? ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లలకు పెద్దగా లేదు. వాళ్లకు అప్పు, ఓపీటీ అనే పని అనుమతి, అన్నంలోకి పచ్చడి, వీటితోనే సరి. అక్కడే పుట్టి పెరిగిన రెండో తరానికి ఉంది. డెల్టా ఎప్సిలాన్ సై (టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్, 1998), బీటా కై థీటా (యూసీఎల్ఏ, 1999) దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్న ఫ్రాటర్నిటీలే. తెల్లవాళ్ల ఇళ్లలో చోటు దొరకనప్పుడు సొంత గూడు కట్టుకోవడంలో తప్పు లేదు. నల్లజాతి విద్యార్థులు 1906లోనే కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాను అలాగే కట్టుకున్నారు, మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. కానీ గూడుతో పాటు ఆచారమూ వస్తుంది. ఆసియా అమెరికన్లు పెట్టుకున్న పై డెల్టా సై వాళ్లు 2013 డిసెంబరులో పెన్సిల్వేనియా కొండల్లో కళ్లకు గంతలు కట్టిన కుర్రాడి వీపుకు ఇసుక సంచీ తగిలించి, చీకట్లో పదే పదే పడదోశారు. వాడు చనిపోయాడు. అది తమ జాతి పడ్డ కష్టాల్ని గుర్తుచేసే తంతట. చివరికి కోర్టు జాతీయ సంఘాన్నే దోషిగా నిలబెట్టి, ఆ రాష్ట్రం నుంచి పదేళ్లు వెలివేసింది.

న్యూజెర్సీలో స్థిరపడ్డ మన నాన్నగారు ‘మావాడు చాప్టర్ ట్రెజరర్ అయ్యాడు’ అని ఫ్యామిలీ గ్రూపులో పెడితే, విజయవాడ నుంచి బాబాయి ‘కంగ్రాట్స్ నాన్నా, బ్యాంకా?’ అని అడుగుతాడు. ఆ నాన్నగారు ఎనభైల్లో ఇక్కడ హాస్టల్లో గోడకుర్చీ వేసినవాడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చినప్పుడు ‘ఎప్పుడో తేవాల్సింది’ అన్నవాడే. ఇప్పుడు అదే గోడకుర్చీ గ్రీకు పేరుతో వస్తే సెమిస్టరుకింత చొప్పున డాలర్లు కడుతున్నాడు. మన దగ్గర ర్యాగింగ్ ఉచితం, అంతవరకు మనమే నయం.

ఇప్పుడు అసలు పేజీలు, పూర్వ సభ్యుల వార్తలు. పట్టా పుచ్చుకున్న సంవత్సరం వరసలో ఉంటాయి. ’74 బ్యాచ్ ఆయన ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుతున్నాడు. ’91 ఆయన వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. దేనికో అడక్కండి, అమెరికన్ కంపెనీల్లో గుమ్మంలో నిలబడ్డవాడు కూడా వైస్ ప్రెసిడెంటే. 2015 ఆయన పెళ్లి చేసుకున్నాడు. తోడు పెళ్లికొడుకులుగా నిలిచిన ఎనిమిదిమంది బ్రదర్స్ పేర్లు, వాళ్ల ప్లెడ్జ్ క్లాసులు పూర్తిగా ఉంటాయి. పెళ్లికూతురు చివర్లో ‘భార్యతో’ అన్నచోట దర్శనమిస్తుంది. కొడుకు పుడితే వాడు ‘లెగసీ’, అంటే పాలపళ్లు రాకముందే రిజర్వేషన్ ఖాయం. కూతురు పుడితే శుభాకాంక్షలు. చివర్లో నల్లగీత పెట్టెలో పోయినవాళ్లు. వీళ్లను చనిపోయారనరు, ‘నిత్య చాప్టర్’లో చేరారంటారు. అక్కడ మళ్లీ రష్ ఉందేమో తెలియదు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, బతికుండగా ఒక్క చందా కూడా కట్టనివాడు కూడా ఆ పెట్టెలో చాప్టర్‌కు మూలస్తంభం.

ఈ పేజీల్లోకి రాకుండా పోయే వార్తలూ ఉన్నాయి. 1967 నవంబరులో యేల్‌లో డెల్టా కప్పా ఎప్సిలాన్ వాళ్లు కొత్తవాళ్ల వీపు కింద కాల్చిన హ్యాంగర్ తీగతో వాతలు పెడుతున్నారని గొడవైంది. చాప్టర్ మాజీ అధ్యక్షుడు న్యూయార్క్ టైమ్స్‌తో అది సిగరెట్ కాలినంతేనని తేల్చేశాడు. ఆ కుర్రాడి పేరు జార్జ్ డబ్ల్యూ. బుష్. అలుమ్ని వార్తలకు ఇంతకన్నా మంచి ముక్క దొరుకుతుందా? వేసుకోరు. అమెరికా అధ్యక్షుడయ్యాడన్నదే వేసుకుంటారు.

వార్తాపత్రం మధ్యలో పిన్నుల దగ్గర చందా పంపే కవరు ఉంటుంది, తపాలా ఖర్చు చెల్లించిందే. కవరు తీసేస్తే మిగిలింది దాని చుట్టూ చుట్టిన కాగితం.

అయితే వీళ్లకిప్పుడు పోటీ పత్రిక వచ్చింది. 2024 డిసెంబరులో బైడెన్ సంతకం పెట్టిన హేజింగ్ నిరోధక చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ సాయం పొందే ప్రతి కాలేజీ తన క్యాంపస్‌లో దోషులుగా తేలిన సంఘాల జాబితా జనానికి చూపించాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు సరిదిద్దాలి. అందులో చాప్టర్ పేరు, ఏం చేశారు, మద్యం ఉందా, ఎప్పుడు జరిగింది, విచారణ ఎప్పుడు ముగిసింది, ఏ శిక్ష వేశారు, అన్నీ తేదీలతో ఉండాలి. ఒకే చాప్టర్, ఒకే సెమిస్టర్, రెండు ప్రగతి నివేదికలు. రెండోదాంట్లో గోల్ఫ్ లేదు, కవరూ లేదు. పూర్వ సభ్యులు చందా చెక్కు రాసేముందు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ‘మన ముందున్న సవాళ్లు’ అన్నచోట చాప్టర్ అధ్యక్షుడు వదిలేసిన ఖాళీలన్నీ నిండుతాయి.