జానెడు కేబుల్

బెంగళూరు టెస్టింగ్ ల్యాబ్ నుంచి రెండు ముక్కల మెయిల్ వచ్చింది. "మీ కాగితాల్లో పవర్ 8 డీబీఎం అని ఉంది. మాకు 0 వస్తోంది."

0 అంటే అసలు లేదని కాదు, 1 మిల్లీవాటు. 8 అంటే 6.3. (ఈ సంగతి మా మేనేజర్‌కి ప్రతి మీటింగులోనూ కొత్తగా చెప్పాల్సిందే.) బోర్డు మీదున్నది ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్పు, దాని గరిష్ఠం 8. హైదరాబాద్‌లో మా ఎనలైజర్‌కి తగిలిస్తే ఠంచనుగా 8 చూపిస్తోంది.

"వాళ్ల కేబుల్ పోయుంటుంది," అని తేల్చేశారు సీనియర్ గారు. టెస్ట్ ఫర్మ్‌వేర్ ఆయన రాసిందే.

కొత్తగా చేరిన కుర్రాడు ఊరుకోక కోడు తెరిచాడు. చానెల్ మార్చినప్పుడల్లా ఆ ఫర్మ్‌వేర్ రేడియోని ఆఫ్ చేసి ఆన్ చేస్తోంది. ఆ చిప్పులో అలా చేస్తే రేడియో రిజిస్టర్లన్నీ మొదటికొస్తాయి. పవర్ రిజిస్టర్‌కి మొదలంటే 0. 8 రాసే లైనేమో ఆఫ్ చేసే లైనుకి పైన ఉంది. రాయడం, వెంటనే చెరుపుకోవడం! తెర మీద మాత్రం "పవర్: 8" అని దర్జాగా కనిపిస్తోంది. అది చిప్పుని అడిగి చెబుతున్నది కాదు, మనం కొట్టిన అంకెనే మళ్లీ మనకి చూపిస్తున్నది.

కుర్రాడు ఆ లైనుని కిందికి జరిపి, బోర్డుని ఎనలైజర్‌కి తగిలించాడు.

16 వచ్చింది.

"చూశావా, చెడగొట్టావు," అన్నారు సీనియర్ గారు.

"ఈ చిప్పు 8 దాటి ఇవ్వలేదు కద సార్!"

"అందుకేనయ్యా చెడగొట్టావంటున్నా."

కుర్రాడు ఎనలైజర్ మెనూలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట ఆఫ్‌సెట్ 8 డీబీ అని ఉంది. మెషిన్ అంచున రంగు వెలిసిన పచ్చ చీటీ: "కేబుల్ లాస్. ఎవరూ మార్చరాదు." చేతిరాత ఎవరిదో చెప్పక్కర్లేదు. కేబుల్ చూస్తే జానెడు లేదు. 8 డీబీ పోతోందంటే పంపిన పవర్లో ఆరింట అయిదు వంతులు అదే మింగెయ్యాలి. మంచి కేబుల్ అయితే ఆ పొడవుకి ఒక్క డీబీ కూడా తినదు.

మేనేజర్ వచ్చి, ఆఫ్‌సెట్ తీసేస్తే ఏమవుతుందని అడిగారు.

"ఇన్నాళ్లూ దీని మీద తీసిన రిపోర్టులన్నీ తప్పని తేలుతుంది సార్."

ఆయన కుర్రాడి భుజం తట్టారు. సాయంత్రానికి లైను ఎప్పటిచోటికి వెళ్లిపోయింది. రాత్రికి కొత్త వెర్షన్ నంబరుతో ఫర్మ్‌వేర్ బెంగళూరు చేరింది, వెంట ఈ మెయిల్:

"ట్రాన్స్‌మిట్ పవర్ సమస్య పరిష్కరించాం. కొలిచే ముందు మీ ఎనలైజర్‌లో కేబుల్ లాస్ 8 డీబీ అని పెట్టుకోగలరు. అంత లాస్ ఉన్న కేబుల్ మీ దగ్గర లేకపోవచ్చు గనుక, మాది కొరియర్‌లో పంపుతున్నాం."