డిక్కీ చిక్కింది

మా తోడల్లుడి కారెక్కి రెండు వీధులు దాటేలోపు ఒక పరీక్ష రాయాలి. "పాట ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పు అన్నయ్యా" అంటాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక కన్ను రోడ్డు మీద, రెండో కన్ను నా మొహం మీద. నేను తలుపు వైపు చూస్తాను. కాదంటాడు. వెనక్కి తిరిగి డిక్కీలోకి చూస్తాను. బూడిదరంగు కార్పెట్టు, ఒక గొడుగు, పిల్లాడి బ్యాటు. వీపు మీద మాత్రం ఎవరో దిండుతో గుద్దుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. "తెలీటం లేదు తమ్ముడూ" అంటాను. అప్పుడు చూడాలి ఆ మొహం! పెళ్లిచూపుల మర్నాడు పిల్ల తరఫు నుంచి సరే అని కబురొచ్చినవాడిలా వెలిగిపోతాడు. బెంజి సర్కిల్ దాకా ఇంకేమీ మాట్లాడడు.

ఈ పరీక్ష నేను ఏడుసార్లు రాశాను. జవాబు మొదటిసారే తెలుసు. అయినా తప్పే రాస్తాను. తోడల్లుళ్ల మధ్య ఆ మాత్రం మర్యాద ఉండాలి.

విజయవాడలో పెరిగినవాడికి బాస్ కొత్త కాదు. కాలేజీకి షేర్ ఆటోలో వెళ్లే రోజుల్లో సీటు వెనక రెండు డబ్బా స్పీకర్లుండేవి. మావాడి సంగీత శిక్షణంతా చెవుల్లోంచి కాక వెన్నెముకలోంచి జరిగింది. ఉద్యోగమొచ్చాక కొన్న మొదటి చిన్న కారు డిక్కీలో గ్యాసు బండంత బాస్‌ట్యూబు పెట్టాడు. వెనకొచ్చేవాళ్లకి కనపడాలని దానికో ఎర్ర లైటు కూడా. ఇప్పుడా సంగతి గుర్తుచేస్తే, తాగుడు మానేసినవాడు పాత సారాకొట్టు ముందు నడిచినట్టు మొహం తిప్పుకుంటాడు. "అది సౌండు అన్నయ్యా. ఇది మ్యూజిక్." నలభై దాటి, ఏడు సీట్ల ఎస్‌యూవీ కొన్నాక వాడికి జ్ఞానోదయమైంది. బంగారం మెడలో వేసుకు తిరిగేవాడు నిన్నగాక మొన్న డబ్బు చూసినవాడు. లాకర్లో పెట్టి, లాకరుందని పదిమందికీ చెప్పేవాడు తరాల ఆసామి. మావాడు ఇప్పుడు ఆసామి.

డిక్కీలో వూఫర్ ఎందుకు దాచావంటే కారణం అడిగినవాణ్ణి బట్టి మారుతుంది. ఆఫీసువాళ్లకి వారంటీ అంటాడు. కంపెనీ వైరు ఒక్కటి కోసినా ఒప్పుకోరు, అందుకే కోత లేకుండా కప్లర్‌తో కలిపించానంటాడు. అపార్టుమెంటు వాళ్లకి దొంగల భయం అంటాడు. నాకు మాత్రం సౌందర్యం అంటాడు, ఉన్న ఇంటీరియర్ చెడగొట్టకూడదట. మా మరదలికి ఏ కారణమూ చెప్పలేదు. ఆవిడే కారణం.

శాస్త్రం కూడా వాడి పక్షానే ఉండటం మా ఖర్మ. 40 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. వాడి కారు పొడవు అయిదు మీటర్లు కూడా లేదు. అంత పెద్ద అల రెండు చెవుల్నీ ఇంచుమించు ఒకేలా కమ్మేస్తుంటే, అది ఎడమనుంచి వచ్చిందో కుడినుంచి వచ్చిందో చెవి తేల్చుకోలేదు. హెర్ట్జ్ పైకి పోయేకొద్దీ గుట్టు బయటపడుతుంది. అందుకని 80 హెర్ట్జ్ దగ్గర గేటు వేసి, ఆ కింది మోతే వూఫర్‌కి వదలాలి. ఈ నాలుగు ముక్కలూ నాకు ఎవరూ నేర్పలేదు. నా పిల్లాడి బారసాలలో, భోజనాల వరసలో, గుత్తివంకాయ చల్లారిపోతుండగా విన్నాను.

పని జరిగింది ఆటోనగర్లో. షాపు పేరు చెప్పను, అక్కడి భాయ్‌ని మాత్రం మర్చిపోలేను. ముప్ఫయ్యేళ్లుగా బళ్లకి పాట పెడుతున్న మనిషి. మావాడి కోరికంతా ఓపిగ్గా విన్నాడు. పది అంగుళాల వూఫర్, డిక్కీ పక్క ప్లాస్టిక్ వెనక ఫైబర్ బాక్స్, పైన కంపెనీ రంగు కార్పెట్టే, యాంప్ ముందు సీటు కింద, వైరు గడప పట్టీల కింద, బాస్ తగ్గించే నాబు గ్లవ్‌బాక్సులో కాగితాల వెనక. అంతా విని, బీడీ ఆర్పి, "సార్, కనపడకపోతే పెట్టి ఏం లాభం సార్?" అన్నాడు.

ఈ రంగం మీద ఇంతకంటే పెద్ద ప్రశ్న ఎవరూ వెయ్యలేదని నా అభిప్రాయం. మావాడు నవ్వి ఊరుకున్నాడు. భాయ్ జాలిపడి, "పోనీ ఒక బ్లూ లైటు పెడతా, డబ్బులొద్దు" అన్నాడు.

వాట్ల సంగతి అక్కడే తెలిసింది. పెట్టె మీద 1,300 అని నిమ్మకాయంత అక్షరాల్లో ఉంటుంది. కింద చీమంత అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ 300 అని ఉంటుంది. మొదటిది పీక్ పవర్. రెప్పపాటుసేపు ఎగిరి కిందపడేది. రెండోది రోజంతా మోసేది. నాకు అర్థం కాలేదంటే మావాడు ఒక్క ముక్కలో తేల్చాడు. "పెళ్లిళ్ల పేరయ్య చెప్పిన నా జీతం పీక్ అన్నయ్యా. మీ మరదలి చేతికిచ్చేది ఆర్‌ఎంఎస్."

వూఫర్ ఎంత మంచిదైనా బాక్సులో పట్టే గాలి లెక్క తప్పితే తపేలా మోతే మిగులుతుంది. వాడి వూఫర్‌కి 18 లీటర్ల గాలి కావాలి. చదరంగా ఉన్న పెట్టయితే పొడవూ వెడల్పూ కొలిచి గుణించొచ్చు. ఇదేమో కారు ఒంటికి అతుక్కున్న వంకరటింకర ఫైబర్ గుల్ల. బియ్యం పోసి కొలవమన్నాడు భాయ్. మావాడు ఇంటికి పరిగెత్తి, మా మరదలు గుడికెళ్లిన వేళ చూసి, డబ్బాలోంచి పదిహేను కిలోల సోనా మసూరి ఎత్తుకొచ్చాడు. గుల్లలో పోశారు, లీటరు డబ్బాతో తోడి లెక్కపెట్టారు, అర లీటరు తక్కువొస్తే మూల కాస్త సాగదీశారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పదిహేను కిలోల బియ్యం వృథా చేసే మనిషి కాదు మావాడు. రైతు బిడ్డ. తెచ్చి మళ్లీ డబ్బాలో పోశాడు. ఆ వారమంతా వాళ్లింట్లో అన్నం గోళ్లరంగు వాసన కొట్టింది. మా మరదలు బియ్యం కొట్టుకెళ్లి, పాపం ఏ పాపమూ ఎరగని షావుకారుని నలుగురిలో దులిపి వచ్చింది.

ఇక ఎర్తింగు. అది సరిగ్గా లేకపోతే ఆక్సిలేటర్ తొక్కినప్పుడల్లా పాట వెనక కుయ్యిమని కుక్కపిల్ల మూలుగుతుంది. యాంప్ వైరు రంగు లేని ఇనుముకి తగలాలి, అంటే అక్కడ పెయింటు గీకాలి. ఎదురింటి పిల్లాడు బానెట్ మీద వేలు పెడితే అపార్టుమెంటు గ్రూపులో ఫొటోతో సహా ఫిర్యాదు పెట్టిన మనిషి, గరుకు కాగితం పట్టుకుని, కళ్లు మూసుకుని, సొంత కారుని తన చేత్తోనే గీకాడట. "కన్యాదానంలా అనిపించింది అన్నయ్యా" అన్నాడు. వాడికి ఆడపిల్లలు లేరు.

అసలు వేడుక ఆ తర్వాత మొదలైంది. వూఫర్ దాక్కుంది గానీ కారులో మిగతావన్నీ సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాయి. నంబరు ప్లేటు గిలగిలలాడింది. దానికి నురగ పట్టీ వేశాడు. తలుపు గలగలమంది. విప్పించి, లోపల నల్ల రబ్బరూ పైన వెండి రేకూ ఉన్న డ్యాంపింగ్ షీట్లు రోలర్‌తో ఒత్తించాడు. దాంతో తలుపేస్తే "ధబ్" అని నిండైన చప్పుడు రాసాగింది. ఇంటికొచ్చినవాళ్లకి కాఫీకి ముందు ఆ చప్పుడు వినిపించేవాడు. అయినా ఎక్కడో సన్నగా ఇంకో గలగల. మూడు ఆదివారాలు వెతికాడు. కళ్లజోడు పెట్టె తీశాడు, టోలుగేటు చిల్లర తీశాడు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి గట్టిగా అంటించాడు. చివరికి తేలిందేమంటే, అవి మా మరదలి గాజులు. తియ్యమనడానికి నోరు రాదు, మంగళకరమైన వస్తువు. "కాస్త పైకి తోసుకోవే" అన్నాడట. ఎందుకని ఆవిడ అడిగితే, "అందంగా ఉంటాయి" అన్నాడట. పెళ్లయిన పదిహేనేళ్లకి వచ్చిన ఆ పొగడ్త గురించి మా ఆవిడకి ఫోన్లో చెప్పుకుంటే, మా ఇంట్లో నేను రెండ్రోజులు మాట పడ్డాను.

మావాడి మరో ఘనకార్యం రెండు మిల్లీసెకన్లు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. కుడిదాని పాట ముందు వచ్చేస్తుంది. అందుకని డీఎస్పీ అనే పెట్టెతో కుడి స్పీకర్ని కావాలని ఆలస్యం చేస్తారు. రెండూ ఒకేసారి చెవిన పడితే, గాయకుడు డ్యాష్‌బోర్డు నడిమధ్యన, సరిగ్గా వినాయకుడి వెనక నిలబడి పాడినట్టుంటుంది. ఆ తేడా సుమారు రెండు మిల్లీసెకన్లు. సొంత తమ్ముడి పెళ్లికి తాళి కట్టాక వచ్చిన మనిషి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, రెండు మిల్లీసెకన్ల కోసం సెల్లారులో అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు.

అర్ధరాత్రి అంటే గుర్తొచ్చింది. చట్టం వాడికి కంఠతా వచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. ఎదుటి కల్యాణ మండపం డీజే మీద ఇదే చెప్పి రెండుసార్లు పోలీసులకి ఫోన్ చేశాడు. రెండోసారి చేసినప్పుడు కింద వాచ్‌మన్ బల్ల మీది స్టీలు గ్లాసు మావాడి కారు పుణ్యమా అని దానంతటది నడుస్తోంది.

ఓసారి నన్ను కూర్చోబెట్టి, "ఏ పాట కావాలో కోరుకో" అన్నాడు, వరమిచ్చే దేవుడిలా. నేను ఘంటసాల అన్నాను. మొహం మాడిపోయింది. ఆ పాత రికార్డింగుల్లో వూఫర్‌కి పెద్దగా పని ఉండదు. లక్ష రూపాయల సరంజామా కార్పెట్టు వెనక చేతులు కట్టుకు కూర్చుంది. మోనో రికార్డు కాబట్టి ఘంటసాల మాత్రం వూఫర్ సాయమేమీ లేకుండానే వచ్చి వినాయకుడి వెనక నిలబడ్డాడు. ఆ మాట పైకి అనలేదు. లక్ష అన్నాను గదా, అది మాకు చెప్పిన ధర. ఇంట్లో చెప్పింది ఆరువేలు, "పాత డెక్ మార్పించా" అని. అసలు ధర భాయ్‌కే తెలియాలి.

గుట్టు సంక్రాంతికి రట్టు కావాల్సింది. గుడివాడ దగ్గర మా అత్తగారి ఊరినుంచి తిరుగు ప్రయాణం. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, కొబ్బరికాయలు, కొత్త బియ్యం బస్తా. ప్రతి ఏడూ డిక్కీలో అడ్డంగా పట్టే బస్తా ఈసారి పట్టలేదు. నిలువుగా పెట్టారు, కూలింది. ఏటవాలుగా పెట్టారు, తలుపు పడలేదు. మా మరదలు నడుం మీద చెయ్యేసి, "ఏవండీ, డిక్కీ చిక్కిందేంటి?" అంది.

"పండగ గదా, బస్తా లావెక్కింది" అన్నాడు మావాడు. నేను కొబ్బరికాయలు లెక్కపెట్టడంలో మునిగిపోయాను.

విజయవాడలో డాక్టరుకి నడుం చూపించుకోవాలని అత్తగారు కూడా బయల్దేరారు. మధ్య సీట్లో, సరిగ్గా ఆ కార్పెట్టు దాపున కూర్చోబెట్టాం. పాట మొదలైంది. ఊరు దాటింది. అరగంట దాకా ఆవిడ ఉలకలేదు, పలకలేదు. పామర్రు వైపు గతుకులొస్తే మూలిగే మనిషి కళ్లు మూసుకుని హాయిగా కూర్చుని ఉన్నారు. కాసేపటికి, "బాబూ, ఆ మిషను కాస్త పెంచుతారా?" అన్నారు.

అద్దంలో మావాడి కళ్లు చూశాను. ఇన్నాళ్లకి అడక్కుండా అడిగిన మొదటి మనిషి! గొంతు పూడుకుపోయింది. "ఏ మిషను అత్తయ్యగారూ?"

"అదే, నడుంకి కొడుతోందే. బంగారంలా ఉంది. ఆ పాట మాత్రం ఆపెయ్యండి, చెవులు పోతున్నాయి."

కారులో గాలి ఆగింది. మా మరదలు గాజులు కిందికి జార్చుకుని, మెల్లగా వెనక్కి తిరిగి కార్పెట్టు వంక చూసి, మళ్లీ మొగుడి వంక చూసింది. "ఏ మిషనండీ?"

నిజం చెప్పొచ్చు. పద్దెనిమిది లీటర్లూ, రెండు మిల్లీసెకన్లూ, ఆర్‌ఎంఎస్సూ, గీకిన పెయింటూ, బియ్యం వాసనా, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పెయ్యొచ్చు. ఏడాదిగా ఎవరైనా అడుగుతారా అని కాచుక్కూర్చున్న మనిషి. నోరు తెరిచాడు. "మీ అమ్మ నడుం కోసమేనే. మసాజు మిషను. చెప్పకుండా పెట్టిద్దామని..." అన్నాడు.

మా మరదలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ తర్వాత చుట్టాల్లో ఎవరికి ఎక్కడ నొప్పొచ్చినా ఆ కారు గుమ్మం ముందు ఆగాల్సిందే. పాట వద్దంటారు కాబట్టి, ఉత్త 30 హెర్ట్జ్ హోరు ఒకటి సంపాదించి పెన్‌డ్రైవులో వేసుకున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పెదత్తయ్య మోకాళ్లకి 30 సరిపోవట్లేదట. 35 వేశాను. కట్టుడు పన్ను ఊడిందంటున్నారు. నువ్వేమంటావు?"