అంట్ల మిషను మూలిగితే

స్విచ్చి వేయగానే డిష్‌వాషర్ గుంయ్‌మని మూలిగి, నీళ్ళు చిమ్మకుండా మొరాయించిందా? స్టార్ట్ బటన్ మళ్ళీ నొక్కండి. కదలకపోతే ఇంకోసారి. మూలుగుతోందంటే మోటారుకు కరెంటు అందుతున్నట్టే కదా! తిరగని మోటారులో ఆ కరెంటు వేడిగా మారి వైండింగులోనే ఉండిపోతుంది, వృథా కాదు. కాలిన వాసన వస్తే అగరొత్తి వెలిగించండి.

కాసేపటికి మూలుగూ ఆగుతుంది. వేడెక్కిన మోటారు మాడిపోకూడదని లోపలి థర్మల్ కటౌట్ కరెంటు ఆపేస్తుంది. వట్టి పిరికి సరుకు. చల్లారగానే మళ్ళీ నొక్కండి. పంతం మనదా, దానిదా?

ప్లగ్గు పీకి, అడుగునున్న ఫిల్టర్ తీసి చూడమని పక్కింటి పిన్నిగారు చెబుతారు. వినకండి. చూస్తే ఏం కనబడుతుంది? పగిలిన గ్లాసు పెంకు, పులుసులో చింతగింజ, మునక్కాడ పీచు. కిందటిసారి ఫిల్టర్‌ను సగం బిగించి వదిలేసినప్పుడు దిగినవే. పంపు రెక్కలకు అడ్డం పడితే పడనివ్వండి, అవీ మన వంటింటివే. కంచాలు చెత్తబుట్టలో దులిపి మరీ పెట్టాలట! అంత ఓపికే ఉంటే మిషను కొనేవాళ్ళమా?

ఆర్నెల్లు అమెరికాలో మనవల దగ్గర ఉండి వచ్చారనుకోండి. బోరు నీళ్ళ సున్నంతో పంపు సీలు ఎండి పట్టేసి ఉంటుంది. కరెంటు తీసేసి, పంపు రెక్కను చేత్తో నెమ్మదిగా తిప్పితే ఒక్కోసారి వదులవుతుంది. చేతులు మురికి చేసుకోవడం మన ఇంటావంటా లేదు, కాబట్టి తన్నండి. పాత టీవీకి నెత్తిన ఒకటి ఇస్తే బొమ్మ వచ్చేది, గుర్తుందా?

కెపాసిటర్‌ను మాత్రం అనుమానించకండి. చాలా మిషన్లలో సింగిల్ ఫేజ్ మోటారును కదిలించేది అదే, అది నీరసిస్తే మోటారు మూలుగుతుందే గాని తిరగదు. సీలింగ్ ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగితే కెపాసిటర్ మార్పించేదీ మనమే. అయినా ఫ్యాను ఫ్యానే. ఇంత ఖరీదైన మిషనులో అంత చవక వస్తువు పాడవుతుందా? ప్లగ్గు తీశాకా అందులో కరెంటు నిలవుండి షాక్ కొడుతుందని మెకానిక్ ముందుగా డిశ్చార్జ్ చేస్తాడు. అతనికి ప్రాణం మీద తీపి మరి.

అతనికి ఇవేవీ చెప్పకండి. "పొద్దుటిదాకా బ్రహ్మాండంగా తిరిగింది తమ్ముడూ" అంటే చాలు. లోపలి నుంచి చింతగింజ తీసి చూపిస్తాడు. ఫ్యాక్టరీలోనే పడి ఉంటుందనండి.