అట్టడుగు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
పైకి పోయినంత ఫలకాన నిల్చిన
దాని యెత్తు గలుప తరుగులేక
మొత్తమెత్తుతోడ ముమ్మూర్తి సరియైన
చదివినట్టె లెక్క సమ్మతింపు!

అవతారిక: కొత్త యాప్ తెరవగానే నిబంధనలు, షరతులు చాపలా పరుచుకుంటాయి. కింద 'అంగీకరిస్తున్నాను' అనే బటన్ చివరిదాకా చదివేవరకు బూడిదరంగులో నిద్రపోతుంటుంది. చదువరి అట్టడుగుకు చేరాడని యాప్‌కు తెలిసేదెట్లా అన్న శిష్యుడి శంకకు గురువు చెప్పిన సమాధానమిది. (మూలగ్రంథం దొరకనందున పద్యం కూడా వ్యాఖ్యాతే రాసుకున్నాడు.)

ప్రతిపదార్థం: పైకి పోయినంత = వేలితో నెట్టగా పై అంచు దాటి కనుమరుగైన కొలతకు, అనగా స్క్రోల్‌టాప్‌కు; ఫలకాన నిల్చిన దాని యెత్తు = తెర మీద కనబడుతున్న భాగపు ఎత్తును, అనగా క్లయింట్‌హైట్‌ను; కలుప = కూడగా; తరుగులేక = పిసరైనా తగ్గకుండా; మొత్తమెత్తుతోడ = కనబడేదీ కనబడనిదీ కలిసిన స్క్రోల్‌హైట్‌తో; ముమ్మూర్తి = అచ్చంగా; సరియైన = సమానమైతే; చదివినట్టె లెక్క = చదివేసినట్టే; సమ్మతింపు = ఒప్పుకో.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: 'ముమ్మూర్తి' యతి కోసం వచ్చిందని తెలుస్తూనే ఉంది. వచ్చి ఊరుకోక కొంప ముంచింది. బ్రౌజరులో స్క్రోల్‌టాప్‌కు దశాంశాలు ఉండవచ్చు. తక్కిన రెండింటినీ బ్రౌజరు పూర్ణాంకాలుగా సవరించి చెబుతుంది. మొత్తం 2400, కనబడేది 700, పైకి పోయింది 1699.5 అనుకోండి. కూడితే 2399.5. పాపం చదువరి అడుగునే ఉన్నాడు, తెర ఇక కదలదు, ఆ అర పిక్సెల్ కోసం బటన్ మాత్రం లేవదు. అందుచేత తేడా ఒక పిక్సెల్‌కు మించకుంటే చాలునన్న పాఠాంతరమే గ్రాహ్యం. ఛందస్సు పోతే పోయింది.

ఐఫోన్‌లో ఇబ్బంది ఇంకో వైపు నుంచి వస్తుంది. చివర దాకా వచ్చి ఇంకా లాగితే పుట సాగి వెనక్కి వస్తుంది. సాగినంతసేపూ కూడిక మొత్తాన్ని మించిపోతుంది. కనుక 'సరియైన' అన్నచోట 'సరియైనను, మించినను' అని అధ్యాహారం చేసుకోవాలి.

ఇక కవి తలపెట్టనే తలపెట్టని సంగతి. షరతులు పొట్టివై, తెర ట్యాబ్లెట్‌దై, పాఠమంతా ఒక్కసారే కనబడితే? పైకి పోయినది సున్న, లెక్క సరిపోయింది. కానీ లెక్క చూసేవాడు స్క్రోల్ జరిగినప్పుడే లేచి చూస్తాడు. జరగడానికేమీ లేదు గనుక లేవడు. పద్యం తప్పు కాదు, పుట తెరవగానే పద్యాన్ని ఒకసారి చదవకపోవడం తప్పు. అలా చదివించే ఒక్క వాక్యం రాయని యాప్‌ల ముందు బుద్ధిమంతులు తెర అడ్డం తిప్పి, నిలువు తిప్పి, ప్రాణాలు నిలుపుకుంటున్నారు.

ఆండ్రాయిడ్ సంప్రదాయులకు కూడిక అక్కర్లేదు. కెన్‌స్క్రోల్‌వర్టికల్లీ(1) అని అడుగుతారు: 'ఇంకా కిందికి పోగలవా?' లేదంటే చివరే. నవ్యులు పాఠం అడుగున ఖాళీ పెట్టె నొకదాన్ని కాపలా పెట్టి, అది కంటబడగానే కబురు తెప్పించుకుంటారు. ఇంటర్సెక్షన్ అబ్జర్వర్ అనే ఈ పద్ధతి 2016లో క్రోమ్‌లో వచ్చింది. మా మతమూ ఇదే. వేలు కదిలినప్పుడల్లా ఎత్తులు కొలిచే చాకిరీ తప్పుతుంది.

అలంకారం: నాలుగో పాదంలో అతిశయోక్తి. ఎత్తులు కొలిచినవాడికి వేలు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది, కన్ను ఎక్కడుందో తెలియదు. ఒక్క విసురుకు నలభై షరతులు ఎగిరిపోతాయి. కనీసం కొన్ని సెకన్లు నిలిస్తేనే బటన్ వెలగాలని కొందరి వాదం. అప్పుడు చదువరి ఆ సెకన్లు లెక్కపెడతాడు.

ఛందస్సు: ఆటవెలది. దా–త, చ–స యతులు చెల్లుతాయి. సమ్మతి చెల్లుతుందా అన్నది న్యాయశాస్త్ర విషయం గనుక ఇక్కడ విచారించలేదు.