తలకిందుల సలహాలు: నైట్రో బగ్గీ నడిపేవాళ్ళకి

ఉన్న ఇంజన్ గొంతు కాస్త నొక్కండి. కొత్త ఇంజన్ అయితే వేడి చేశాకే స్టార్ట్ చేయండి. చలి పడితే ఇంధనం పెంచండి. సస్పెన్షన్ ఆర్ములు విప్పి గిన్నెలో వేసి మరిగించండి. ట్రాక్ దగ్గర ఈ నాలుగు మాటలూ అంటే కొత్తవాళ్ళు నా వంక అనుమానంగా చూస్తారు. తొమ్మిదేళ్ళుగా టెక్సస్ మట్టిలో నైట్రో బగ్గీ నడుపుతున్నాను. ఈ నాలుగింటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోను.

కిందటి ఆగస్టులో కరీంనగర్ తమ్ముడొకడు మా ట్రాక్‌కి కొత్తగా వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎనిమిదో వంతు స్కేలు బగ్గీ. 3.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, మూడు డిఫరెన్షియళ్ళు (డిఫ్‌లు), నాలుగు చక్రాలకీ పవర్. మంచి బండే. కానీ రెండు ల్యాపులకోసారి ఆగిపోతోంది. "అన్నా, ఈ ఇంజన్ల దమ్ము లేదే. కొత్తది ఆర్డర్ పెట్టిన, బుధవారం వస్తది" అన్నాడు. బండి తీసుకుని చూశాను. సైలెన్సర్ నుంచి ట్యాంకుకి వెళ్ళే సన్నటి సిలికాన్ గొట్టం కొసన వెంట్రుకంత చీలిక ఉంది. ఎగ్జాస్ట్ ఒత్తిడి ఆ గొట్టంలోంచి వెళ్ళి ట్యాంకులోని ఇంధనాన్ని కార్బ్యురేటర్‌కి నెడుతుంది. ఒత్తిడి బయటికి పోతే స్ట్రెయిట్‌లో ఇంజన్‌కి ఇంధనం చాలదు, లీన్ అయి ఆగిపోతుంది. కొస కత్తిరించి మళ్ళీ తొడిగాం. ఆ పూటంతా బండి ఆగలేదు. ఆ గొట్టం ఖరీదు ఒక డాలరు. అతను ఆర్డర్ పెట్టిన ఇంజన్ ఖరీదు నాలుగు వందల పైచిలుకు.

ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. ఈ ఆటలోకి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది తప్పు చోట డబ్బు పోసి, విసిగిపోయి, బండి అమ్ముకుని వెళ్ళిపోతారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు గొంతు నొక్కడం సంగతి. కార్బ్యురేటర్ మూతిలో గుండ్రటి రిస్ట్రిక్టర్ ఒకటి కూర్చుంటుంది. 6 మిల్లీమీటర్లది, 6.5ది, 7ది, ఇలా పెట్టెలో రెండు మూడు వస్తాయి. కొత్తవాళ్ళందరూ పెద్దది వేస్తారు. చిన్నది వేయమంటాను నేను. టాప్ స్పీడ్ కాస్త తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ మట్టి ట్రాక్‌లో ఆ టాప్ స్పీడ్ వాడే చోటు ఒక్క స్ట్రెయిటే. మిగతా ల్యాపంతా మలుపులూ జంపులే. అక్కడ కావాల్సింది ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కొంచెమే వచ్చే పవర్. పైగా ఇంధనం లెక్క ఒకటుంది: చిన్నది వేస్తే ట్యాంకు ఎక్కువసేపు వస్తుంది. పెద్ద రేసుల్లో ఈ తరగతికి ట్యాంకు 125 సీసీకి మించకూడదు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ గంటసేపు నడుస్తుంది. 2016లో లాస్ వేగస్‌లో స్వీడన్ కుర్రాడు డేవిడ్ రొన్నెఫాల్క్ గెలిచిందీ అలాంటి గంట ఫైనలే. ట్యాంకు 8 నిమిషాలు వచ్చే బండి గంటలో 7 సార్లు పిట్‌కి రావాలి. 10 నిమిషాలు వచ్చే బండికి 5 సార్లు చాలు. ఆ రెండు స్టాపుల్లో పోయే సెకన్లని ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా స్ట్రెయిట్‌లో రాబట్టలేరు. పికప్ చాలలేదనిపిస్తే 13 పళ్ళ క్లచ్ బెల్ తీసి 12 పళ్ళది వేసి చూడండి.

నైట్రో శాతం గురించీ ఇదే మాట. నైట్రోమీథేన్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి ఒక్కో స్ట్రోక్‌లో ఎక్కువ ఇంధనం మండుతుంది, నిజమే. కానీ 20 శాతం నుంచి 30కి ఒకేసారి దూకితే కార్బ్యురేటర్‌లో ఇంధనం సర్దే నీడిల్ ఇంకా తెరవాలి, హెడ్ కింద షిమ్ కూడా పెంచి కంప్రెషన్ తగ్గించాలి. అది చేయకుండా డబ్బా మార్చేస్తే గ్లో ప్లగ్గులు వరసగా కాలిపోతాయి. యూరప్‌లో 2021 నుంచి నైట్రోమీథేన్ 16 శాతం దాటిన ఇంధనాన్ని లైసెన్సు లేని మామూలు జనానికి అమ్మకూడదు. అక్కడివాళ్ళు 16 శాతంతోనే రేసులు గెలుస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కొత్త ఇంజన్ బ్రేక్ ఇన్. ఇంజన్‌ని చల్లగా ఉంచి, నీడిల్ బాగా తెరిచి, పొగలు కక్కిస్తూ నాలుగైదు ట్యాంకులు స్టాండు మీద వదిలేయమనేది పాత సలహా. నేను మొట్టమొదటి ఇంజన్‌ని అలాగే చేశాను, రెండు నెలలకే పోయింది. ఆ ఇంజన్‌ని విప్పి చూసుకున్న రాత్రి నాకు ఇంకా గుర్తుంది. పిస్టన్ స్లీవ్‌లో పైదాకా వదులుగా తిరిగింది, చేత్తో తిప్పితే ఎక్కడా బిగువు తగల్లేదు. ఈ ఇంజన్లలో పిస్టన్‌కి రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, దాని చుట్టూ లోపల క్రోమ్ పూత పూసిన ఇత్తడి స్లీవ్. స్లీవ్ పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. అందుకే చల్లటి ఇంజన్‌ని తిప్పితే పిస్టన్ పై కొస దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టునే పించ్ అంటారు. వేడెక్కితే ఇత్తడి స్లీవ్ పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచించి దారి ఇస్తుంది. చల్లగా ఉన్నప్పుడే వేల చుట్లు తిప్పితే, కలకాలం కంప్రెషన్ ఇవ్వాల్సిన ఆ పట్టు మొదటి గంటలోనే అరిగిపోతుంది. కనెక్టింగ్ రాడ్ మీద కూడా లేనిపోని భారం పడుతుంది.

కాబట్టి స్టార్ట్ చేయకముందే హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో హెడ్‌ని వేడి చేయండి. చెయ్యి పెట్టలేనంత వేడి, 70, 80 డిగ్రీల దాకా. మిశ్రమం రిచ్‌గానే, అంటే ఇంధనం ఎక్కువగానే ఉంచండి, కానీ హెడ్ మీద రేకు చుట్టి వేడి 90, 100 డిగ్రీల మధ్య నిలబెట్టండి. మొదటి రెండు మూడు ట్యాంకులూ నేల మీదే, నెమ్మదిగా, ట్రిగ్గర్ నొక్కుతూ వదులుతూ. ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య పూర్తిగా చల్లారనివ్వండి. ఆపగానే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని అట్టడుగుకి దించండి. పిస్టన్ పైన ఇరుక్కుని ఉండగా స్లీవ్ చల్లారితే ఆ సన్నటి కొస సాగిపోతుంది. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద కింది వైపున మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే ఇక వెతుక్కోనక్కర్లేదు.

ట్యూనింగ్‌లో థర్మామీటర్‌ని చివర చూడండి. 110 డిగ్రీలు చూపించిందంటే ట్యూనింగ్ కుదిరినట్టేనని చాలామంది నమ్మకం. జులై మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో 120 చూపించిన ఇంజన్ హాయిగా నడుస్తూ ఉండొచ్చు, డిసెంబరు పొద్దున 95 చూపించిన అదే ఇంజన్ లీన్‌తో చచ్చిపోతూ ఉండొచ్చు. బాడీకి కోసిన రంధ్రం ఎంత, గాలి ఎటునుంచి, ట్రాక్‌లో స్ట్రెయిట్ ఎంత పొడుగు, ఇవన్నీ ఆ అంకెని మార్చేస్తాయి. ముందు పొగ చూడండి. స్ట్రెయిట్‌లో పూర్తిగా నొక్కినప్పుడు వెనక సన్నటి నీలిపొగ చార కనబడాలి. తర్వాత చెవి పెట్టండి. తర్వాత ప్లగ్ విప్పి చూడండి: తీగ తడిసి మెరుస్తుంటే రిచ్, మెరుపు తగ్గి బూడిదరంగుకి తిరిగితే సరి, వంకరపోయి ఉంటే లీన్. హై స్పీడ్ నీడిల్ ముందు, లో స్పీడ్ నీడిల్ తర్వాత, ఐడిల్ ఆఖరున. తిప్పేది ఒక్కసారికి గడియారం ముల్లు ఒక గంట జరిగినంతే. ఐడిల్‌లో ఇంధన గొట్టం వేళ్ళతో నొక్కి పట్టుకుంటే ఇంజన్ కాస్త రేగి రెండు మూడు సెకన్లలో ఆగాలి. నొక్కీ నొక్కగానే ఆగితే లో స్పీడ్ లీన్, చాలాసేపు సాగదీస్తే రిచ్. ట్రిగ్గర్ వదిలాక కూడా ఐడిల్ దిగిరాకుండా పైనే ఊగుతుంటే నీడిల్ జోలికి వెళ్ళకండి. కార్బ్యురేటర్ అడుగునో వెనక ప్లేటు దగ్గరో గాలి లాగుతోంది, ముందు అది మూయండి.

చలి మాట. టెక్సస్‌లో అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరపు గాలి ఉన్నట్టుండి దిగుతుంది. మధ్యాహ్నం చొక్కా తడిసిన చోటే సాయంత్రానికి జాకెట్ వెతుక్కుంటాం. చల్లటి గాలి చిక్కటిది, ప్రతి గుక్కలో ఆక్సిజన్ ఎక్కువ. దానికి తగ్గ ఇంధనం ఇవ్వకపోతే మధ్యాహ్నం బంగారంలా కుదిరిన ట్యూనింగే రాత్రి ఫైనల్లో లీన్ అవుతుంది. ఆ మాట ఎవరూ చెప్పక నా రెండో ఇంజన్ పిస్టన్ పట్టేసింది. గాలి మారిందని చర్మానికి తెలిసిన క్షణమే హై స్పీడ్ నీడిల్ ఒక గంట తెరవండి. షాక్ ఆయిల్‌కి లెక్క ఇంకోలా ఉంటుంది. ఎండకి సిలికాన్ ఆయిల్ పలచబడుతుంది. చలికాలంలో ముందు షాకుల్లో 500 వాడితే ఎండాకాలం 550 వేయండి.

ఆర్ములు మరిగించడానికి వస్తాను. కొత్తవాళ్ళు మొట్టమొదట కొనేది మెరిసే అల్యూమినియం సామాను. ఆర్ములకి అది వద్దు. బగ్గీ 3.2 కిలోలకి తగ్గకుండా ఉంటుంది, జంప్ నుంచి తల్లకిందులై పడ్డప్పుడు ఆ దెబ్బ ఎక్కడో ఒకచోటికి పోవాలి. నైలాన్ ఆర్ము వంగి మళ్ళీ నిలబడుతుంది. మరీ గట్టి దెబ్బయితే తనే విరిగి మిగతా బండిని కాపాడుతుంది. అల్యూమినియం ఆర్ము వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదా దెబ్బని బల్క్‌హెడ్‌కీ ఛాసిస్‌కీ చేరవేస్తుంది. పొడిగా ఎండిన కొత్త నైలాన్ మాత్రం పెళుసు. పాత గిన్నెలో నీళ్ళు మరిగించి ఆర్ముల్ని అరగంట ఉంచండి. నైలాన్ నీటిని పీల్చుకుని సాగే గుణం తెచ్చుకుంటుంది. నేను చలికాలం మొదట్లో ఒకసారి తప్పకుండా చేస్తాను. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి.

గట్టి స్ప్రింగులూ అంతే. గతుకుల ట్రాక్‌లో మెత్తటి స్ప్రింగు టైరుని నేలకి అంటిపెట్టుకుని ఉంచుతుంది. డిఫ్‌లలో ముందు 7000, మధ్య 7000, వెనక 3000 ఆయిల్ వేసి నెల రోజులు అలాగే వదిలేయండి. వారానికోసారి డిఫ్ మారుస్తుంటే బండి మారిందో మీ చెయ్యి మారిందో తెలియదు. ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి, పోగా మిగిలింది క్లచ్ బెల్ బేరింగుల మీద. ఎయిర్ ఫిల్టర్‌ని రోజూ ఉతికి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండండి. ఈ ఆటలో ఇంజన్లని ఎక్కువగా చంపేది దుమ్మే.

ఇంధనంలో చాలా భాగం మిథనాల్. అది విషం, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, కళ్ళు పోగొడుతుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు. గ్లవ్స్ వేసుకోండి, పిట్‌లో మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సిగ్నల్ పోతే థ్రాటిల్ తనంతట తాను మూసుకుంటుందో లేదో ప్రతిరోజూ ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. చక్రాలు గాల్లో ఉంచి చూడండి. అదుపు తప్పిన ఆ 3 కిలోల బండి ఎవరి కాలికి తగిలినా ఎముక విరుగుతుంది.

కరీంనగర్ తమ్ముడి కొత్త ఇంజన్ చెప్పినట్టే బుధవారం వచ్చింది. పెట్టె నాలుగు నెలలు అలాగే ఉంది. పాతదానితోనే సీజన్ ముగించాడు. మొన్న జనవరిలో ఫోన్ చేసి, "అన్నా, హెయిర్ డ్రయ్యర్ చేతిల పట్టుకున్న. ఎంతసేపు?" అని అడిగాడు. చెయ్యి పెట్టలేనంత దాకా అన్నాను. సాయంత్రం మళ్ళీ చేశాడు. ఆ రోజు చేయాల్సిన చివరి పని కూడా చెప్పాను: ట్యాంకు ఖాళీ చెయ్, లైనులో మిగిలింది మండిపోయేదాకా నడిపి ఆపు, ప్లగ్ విప్పి నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ పోసి చేత్తో తిప్పు. లేకపోతే మిగిలిన మిథనాల్ గాల్లో తేమ లాగి తెల్లారేసరికి బేరింగులకి తుప్పు పట్టిస్తుంది. "గీత కిందికి పెట్టినవా?" అని వాడి మాటలోనే అడిగాను. ఒక్క క్షణం ఆగి, ఫ్లైవీల్ తిప్పిన చప్పుడు ఫోన్లో వినబడింది.