కామ్ దేవర మహిమ

స్వామీ, రెండు ఫైళ్లను లైను లైనుగా పోల్చే కమాండూ, కామ్ దేవరా! 1970ల్లో యూనిక్స్‌లో అవతరించి, పోసిక్స్ ప్రమాణంలో పీట వేయించుకుని, ఈనాటికీ ఒక్క మెట్టు దిగిరాని నీ పట్టుదలకు జోహార్లు. మా చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడు ఎలాగూ ఉన్నాడు. విఘ్నాలు తీర్చడం ఆయన వంతు, పెట్టడం నీ వంతు. పేచీ లేదు.

నిరుడు చెరకు వేసిన రైతుల జాబితా ఒకటి, ఈ ఏటిది ఒకటి నీ ముందు పెట్టామనుకో. మూడు వరసలు కక్కుతావు: మానేసినవాళ్లు, కొత్తగా వేసినవాళ్లు, రెండింటా ఉన్నవాళ్లు. ఏ వరస ఎవరిదో తలకట్టు పెట్టవు, ట్యాబులు లెక్కెట్టుకోమంటావు. ఎంత నిరాడంబరత! మానేసినవాళ్లే కావాలంటే ‘మైనస్ 23’ అని, రెండూ మూడూ వద్దని మొక్కుకోవాలి. వద్దన్నవి పోగా మిగిలిందే ప్రసాదం.

నీ సమదృష్టి మరీ గొప్పది. 2022లో చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది కదా! పాత జాబితాలో విశాఖపట్నం, కొత్తదాంట్లో అనకాపల్లి అని ఉంటే చాలు, గట్టు మీంచి కదలని రైతును ఒక వరసలోంచి వెళ్లగొట్టి ఇంకో వరసలో కొత్తవాడిగా దింపుతావు. ఒక ఫైల్ విండోస్‌లో తయారై, లైను చివర క్యారేజ్ రిటర్న్ అంటుకుని వచ్చిందా, ఊరు ఊరంతా చెరకు మానేసినట్టూ, అదే ఊరు కొత్తగా వేసినట్టూ ఒకేసారి తేలుస్తావు. తెలుగు పేరులో కంటికి ఆనని జీరో విడ్త్ నాన్‌జాయినర్ దూరినా నీ చూపును తప్పించుకోదు. మా గుమస్తాల కళ్లకు అంత భాగ్యం లేదు.

జాబితాలు రెండూ ముందే సార్ట్ చేసి క్రమంలో ఉండాలని నీకున్న మడి సరేసరి. 9 తర్వాత 10 అని లోకం లెక్కపెడితే, అంకెలనూ అక్షరాల్లా చూసి 10 తర్వాతే 9 అంటావు. కాదన్నవాడి మీద కొన్నిచోట్ల గొణుగుతావు. మరికొన్నిచోట్ల మౌనంగా తప్పు జాబితా చేతిలో పెడతావు, ఎంత పెద్దమనిషివి!

బ్యాష్ భక్తులు సార్ట్‌లు రెండూ బ్రాకెట్లలో ఇరికించి ఒక్క లైనులో పూజ ముగిస్తారు. ఎక్కడైనా నడిచే స్క్రిప్టులో ఆ వైభోగం చెల్లదు. ఒకదాన్ని ముందే ఫైల్‌గా వండిపెట్టి, రెండోదాన్ని పైపులోంచి హైఫన్ పేరిట నైవేద్యం పెట్టాలి.

ఈ దేవరను కొలిచేవారికో మాట: టీఆర్ కమాండ్‌తో క్యారేజ్ రిటర్న్‌లు దులపండి, లొకేల్‌ను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్‌ను ‘సీ’ చేసి సార్ట్‌నూ కామ్‌నూ ఆ లొకేల్‌లోనే నడపండి, పేర్లు వదిలేసి రైతు కోడ్‌లు పోల్చండి.